ఒంటిచేత్తో విప్పే ఎయిర్‌బ్రష్

ఆ చెయ్యి అట్టపెట్టెలో వచ్చింది. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో అసలు చెయ్యి పోగొట్టుకున్న మనిషికి కొత్త చెయ్యి కూడా అట్టపెట్టెలోనే రావడం చూసి, మూత తీయకముందే చిన్నదానికి ఒళ్లు మండింది.

నలభై దాటినా ఇంట్లో ఆమె చిన్నదే. అక్క తర్వాత పుట్టింది కాబట్టి ఆ పేరు పడిపోయింది, మరి మారలేదు. కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అనేవారు. ఫ్యాక్టరీలో అట్టలు కోసే యంత్రం మీద ఆమె పని. సరుకు తొందరగా వెళ్లాలని సూపర్‌వైజరు ఆ యంత్రంలోకి చేతులు పోకుండా ఉండే అడ్డుపలక తీయించేశాడు. తీసిన వారంలోనే ఆమె ఎడమచెయ్యి మణికట్టు దాకా పోయింది. ఆసుపత్రికి చూడ్డానికొచ్చిన సూపర్‌వైజరు మంచం పక్కన నిలబడి, "కాస్త చూసుకోవాలి కదమ్మా" అన్నాడు. అప్పుడు లేవలేక ఊరుకుంది గానీ ఆ మాట గొంతులో ముల్లులా అలాగే ఉండిపోయింది.

పెట్టె విప్పింది చేతులూ కాళ్లూ అమర్చే సెంటర్లో. అక్కడ పనిచేసే టెక్నీషియన్‌ని అందరూ చేతులాయన అంటారు. కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని, పత్తిలో పెట్టిన వస్తువుని తీసినట్టు జాగ్రత్తగా తీశాడు. సిలికాన్ చెయ్యి. వేళ్లున్నాయి, గోళ్లున్నాయి, అరచేతిలో గీతలు కూడా ఉన్నాయి. రంగు మాత్రం ఉడకబెట్టి తొక్క తీసిన చిలగడదుంప రంగు.

చిన్నది తన కుడిచెయ్యి దాని పక్కన పెట్టింది. పొయ్యి మీద బాగా కాగిన టీ రంగు చెయ్యి ఒకటి, ఇది ఒకటి.

"ఈ చెయ్యి ఎవరిదండీ?" అంది.

"మీదేనమ్మా. కొలతలన్నీ సరిగ్గా చూశాం."

"కొలతలు కాదు. రంగు ఎవరిది?"

చేతులాయన ఇబ్బందిగా నవ్వాడు. "మూడు రంగుల్లోనే వస్తాయమ్మా. ఉన్నవాటిలో మీకు దగ్గరగా ఉందే తెప్పించాం. దూరం నుంచి చూస్తే తెలీదు."

"నేను నా చేతికి దూరంగా ఎలా ఉంటానండీ?"

"పొడుగు చేతుల బట్టలు వేసుకుంటే సరిపోతుంది. ఇప్పటిదాకా ఇంకెవరూ ఇలా అడగలేదు."

 నిజంగానే ఎవరూ అడగలేదేమో, తనకే ఎక్కువైందేమో అనుకుంది. పెట్టె చంకలో పెట్టుకుని ఇంటికొచ్చింది. బస్సులో ఒకామె అందులో ఏముందని అడిగితే, "చెయ్యి" అంది. ఆమె లేచి వెళ్లి ఇంకో సీట్లో కూర్చుంది.

అక్క, బావ, చిన్నది ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటారు. కింద లాండ్రీ, పైన వీళ్ల వాటా. అక్క ఆ చేతిని చూడగానే, "బాగానే ఉందే, గ్లవుజు తొడుక్కుంటే ఏం తెలుస్తుంది" అంది. బావ అటు తిప్పి ఇటు తిప్పి, "దీనికింత గొడవెందుకు, నేను చూస్తాగా" అన్నాడు. బావది మంచి మనసే. ఎవరింట్లో కుళాయి కారినా, ఎవరి తలుపు బిగుసుకున్నా పిలవకుండా వెళ్లి బాగుచేస్తాడు. బాగైనవీ ఉన్నాయి. చిన్నదానికి చెయ్యి పోయిన దగ్గర్నుంచి ఆమెకి సంబంధించినవన్నీ ఆయనే చూస్తున్నాడు. ఫ్యాక్టరీవాళ్లతో మాట్లాడింది ఆయనే, డాక్టర్ని ప్రశ్నలడిగింది ఆయనే. ఎలా ఉందమ్మా అని ఎవరైనా చిన్నదాన్ని అడిగినా జవాబు బావ నోట్లోంచే వచ్చేది.

ఓ రోజు ఆమె మొండిచేతికి వ్యాయామాలు చేయించుకుని ఇంటికొచ్చేసరికి బల్ల మీద పెట్టె ఖాళీగా ఉంది.

"నా చెయ్యేదే?"

అక్క వంటింట్లోంచి తొంగిచూసి, చెప్పనా వద్దా అన్నట్టు నిలబడింది. "మీ బావ పట్టుకెళ్లాడు. నీకు చెప్పకుండా చేద్దామని..."

ఇంతలో బావే వచ్చాడు, మొహం వెలిగిపోతూ. చేతిలో న్యూస్‌పేపరు పొట్లం. కార్లకి రంగులు వేసే స్నేహితుడి షెడ్డుకి తీసుకెళ్లి, దగ్గరుండి వేయించుకొచ్చాడట. పొట్లం విప్పాడు. చెయ్యి గోధుమరంగులో ధగధగా మెరుస్తోంది, కొత్తగా పాలిష్ పట్టిన కుర్చీకోడులా. గోళ్ల మీద కూడా అదే రంగు. చూపుడువేలికి పేపరు అంటుకుని, దాని మీద ఏదో ప్రకటనలోని అక్షరాలు తిరగబడి పడ్డాయి.

"ఎలా ఉంది?" అన్నాడు.

చిన్నది బొటనవేలితో గీరింది. ఎండకి కమిలిన చర్మం ఊడినట్టు, రంగు పొరలాగా లేచి చేతికొచ్చేసింది.

"నన్నడిగావా?"

"అడిగితే వద్దంటావని..."

"వద్దంటానని తెలిసి తీసుకెళ్లావా! బావా, అది నా చెయ్యి. నీ కుర్చీ కాదు, నీ కుళాయి కాదు. నన్నడక్కుండా నా చెయ్యి పట్టుకుని ఊరంతా తిప్పుకొస్తావా? ఆ షెడ్డులో ఎంతమంది ముట్టుకున్నారు దాన్ని? ఎంతమంది నవ్వారు?"

 షెడ్డులో నవ్వారు. దాంతో ఒకడు ఇంకొకడికి షేక్‌హ్యాండిచ్చాడు కూడా. బావ మొహం చూస్తేనే ఆమెకి అర్థమైంది.

"మంచికే కదే చేశాడు" అంది అక్క.

"ఆ అడ్డుపలక తీసినవాడు కూడా సరుకు మంచికే తీశాడు!"

అన్నాక, అది మరీ పెద్ద మాటని ఆమెకే తెలిసింది. వెనక్కి తీసుకోలేదు. ఆ రోజు నుంచి బావతో మాట మానేసింది.

మర్నాడు ఊడిన పొరలతో ఉన్న ఆ చేతిని తీసుకెళ్లి చేతులాయన బల్ల మీద పెట్టింది. ఆయన లబోదిబోమన్నాడు. రంగు వదిలించే థిన్నరు ముంచిన గుడ్డతో తుడుస్తూ చెప్పుకొచ్చాడు. సిలికాన్‌కి మామూలు పెయింటు ఏదీ అంటదు. సిలికాన్‌లోనే రంగు కలిపి, బాగా పల్చన చేసి, ఎయిర్‌బ్రష్‌తో పొర మీద పొర కొట్టాలి. సిలికాన్‌కి సిలికానే పడుతుంది.

"ఎయిర్‌బ్రష్ అంటే?"

"పెన్నులా పట్టుకునే చిన్న స్ప్రేగన్నమ్మా. పైన చిన్న గిన్నెలో రంగు పోస్తాం, గాలి వచ్చి దాన్ని పొగలా చిమ్ముతుంది."

"మరి మీ దగ్గర లేదా?"

"రాసి పంపాం. అవసరం లేదన్నారు పైన."

"పైన ఎవరండీ? వాళ్లకి రెండు చేతులూ ఉన్నాయా?"

చేతులాయన తుడవడం ముగించాడు. బీరువాలోంచి సిలికాన్ డబ్బా ఒకటి, నాలుగు రంగుల సీసాలు తీసి ఇచ్చాడు. "గన్ను మీరు కొనుక్కుంటే ఇవి వాడుకోండి. ఒక్కటి గుర్తుపెట్టుకోండమ్మా. కొట్టడం అవ్వగానే గన్ను మొత్తం విప్పి కడగాలి. లోపల సిలికాన్ గడ్డకట్టిందా, ఇక పారేయడమే." ఆమె మొండిచేతి వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఎవర్నైనా తోడు పెట్టుకోండి."

ఎవర్నీ పెట్టుకోదల్చుకోలేదు. కానీ షాపుకి బయల్దేరేసరికి మెట్ల దగ్గర బావ చెప్పులేసుకుని సిద్ధంగా ఉన్నాడు. మాట్లాడకుండా వెనకే వచ్చాడు. తరిమేయడానికి మాట్లాడాలి కదా, అందుకని చిన్నది ఊరుకుంది.

రంగుల షాపు పొడుగ్గా, సొరంగంలా ఉంది. రెండు పక్కలా కప్పు దాకా డబ్బాలు. చివర గాజు బల్ల వెనకాల షాపాయన. బొమ్మకార్లకి రంగులేసేవాళ్లు, కేకుల మీద డిజైన్లు కొట్టేవాళ్లు, మోటార్‌సైకిల్ ట్యాంకుల మీద మంటలు గీసేవాళ్లు అందరూ ఆయన దగ్గరికే వస్తారు. చిన్నది గాజు బల్ల ముందు నిలబడి, "ఎయిర్‌బ్రష్ కావాలండీ" అంది.

షాపాయన బావని చూసి, "దేనికి సార్?" అన్నాడు.

బావ నేలచూపులు చూశాడు.

"అడిగింది నేను" అంది చిన్నది.

"మేకప్‌కా మేడమ్? నెయిల్ ఆర్టా?"

"చేతికి. ఈ చేతికి." సంచీలోంచి సిలికాన్ చెయ్యి తీసి గాజు మీద పెట్టింది. షాపాయన ఒకడుగు వెనక్కి వేశాడు. తర్వాత సర్దుకుని, బల్ల కిందనుంచి ఒక పెట్టె తీశాడు. మళ్లీ బావ వైపే తిప్పాడు.

"కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇదే తీసుకుంటారు సార్. చాలా తేలిక. మీట నొక్కితే గాలీ రంగూ కలిసి వచ్చేస్తాయి. రంగు ఎక్కువ కావాలా తక్కువ కావాలా అన్నది ఈ వెనక మర తిప్పి పెట్టుకోవడమే."

"కొడుతూ కొడుతూ తిప్పాలా?" అంది చిన్నది.

"అవును మేడమ్, ఇలా." కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేత్తో మర తిప్పి చూపించాడు. చూపిస్తూ చూపిస్తూ ఆగిపోయాడు.

"ఊఁ. ఎవరికి తేలిక?"

"అంటే... మేడమ్, ఎవరైనా పక్కనుండి తిప్పితే..." ఆయన చూపు మళ్లీ బావ మీదకి పోయింది.

అంతే, చిన్నదానికి తలలో ఏదో చిట్లినట్టయింది. "అటు చూడకండి! నాకు ఒక చెయ్యి పోయింది, నోరు పోలేదు, చెవులు పోలేదు. ఆసుపత్రిలో ఆయన్నే చూశారు, ఫ్యాక్టరీలో ఆయన్నే చూశారు, ఇప్పుడు మీరూనా? మీ ఎడమచెయ్యి జేబులో పెట్టండి."

"మేడమ్?"

"పెట్టండి. పెట్టి, ఇది విప్పి కడిగి చూపించండి. మీరు చెయ్యగలిగితే కొంటా."

షాపులో మోటార్‌సైకిల్ కుర్రాళ్లిద్దరు రంగులు చూడటం మానేసి ఇటు తిరిగారు. షాపాయన నవ్వాలో వద్దో తేల్చుకోలేక చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఎయిర్‌బ్రష్‌ని ఛాతీకి అదిమిపట్టి వెనక గొట్టం తిప్పాడు. లోపలి సూది లాగాడు. ముందు రంగు చిమ్మే నాజిల్‌కి వచ్చేసరికి చెమటలు పట్టాయి. అది బియ్యపు గింజలో సగముంటుంది. బుల్లి రెంచితో పట్టుకుని తిప్పాలి. రెంచి పట్టుకుంటే గన్ను తిరుగుతోంది, గన్ను పట్టుకుంటే రెంచి లేదు. చివరికి పళ్లతో కూడా ప్రయత్నించాడు. నాజిల్ ఎగిరి ఎక్కడో పడింది. షాపాయన మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి ఇంకా జేబులోనే ఉంచుకుని, గాజు బల్ల కింద వెతకడం మొదలెట్టాడు.

"చెయ్యి తియ్యొచ్చు" అంది చిన్నది.

"ఉండండి మేడమ్" అన్నాడు ఆయన కిందనుంచే. ఇప్పుడు ఆ గొంతులో పట్టుదల ఉంది.

లేచాక ఆయన బావ వైపు చూడలేదు. "ఏం పోస్తారు ఇందులో?" అని ఆమెనే అడిగాడు. పల్చన చేసిన సిలికాన్ అని చెప్పింది. "అయితే సన్న నాజిల్ పనికిరాదు, రెండు నిమిషాల్లో పూడిపోతుంది. కాస్త వెడల్పుది కావాలి. లోపలి రబ్బరు రింగులు కూడా థిన్నరుకి ఉబ్బిపోతాయి, ఉబ్బని రకం ఉండాలి." అడుగున సీసా వేలాడేది ఒకటి తీశాడు. చిన్నది పట్టుకుని చూసింది. సీసా బరువుకి ముక్కు పైకి లేస్తోంది, సీసా ఊడదీయాలంటే రెండో చెయ్యి కావాలి. "వద్దు." తుపాకీలా పిడి ఉన్నది తీశాడు. పట్టుకోవడానికి బాగుంది గానీ విప్పడానికి మళ్లీ రెంచే. "వద్దు." ఇంకొకటి. "వద్దు." బల్ల మీద ఎయిర్‌బ్రష్‌లు పరుచుకున్నాయి. ప్రతి వద్దుకీ ఆమె గొంతు పెరిగింది. వీటిని చేసినవాళ్లలో ఒక్కడికి, ఒక్కడికైనా, ఒంటిచేతి మనుషులు ఉంటారని తట్టలేదా?

షాపాయన ఆలోచించి నిచ్చెనెక్కాడు. పై అరలోంచి దుమ్ముపట్టిన పెట్టె దించాడు. "ఇది నేర్చుకునేవాళ్లకి ఇవ్వను. చెయ్యి కుదిరినవాళ్లు వాడేది. మీట కిందకి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. రెండూ ఒక్క వేలి మీదే. మొదట్లో ఏడిపిస్తుంది."

"మర తిప్పక్కర్లేదా?"

"అక్కర్లేదు. నాజిల్‌కి మర కూడా లేదు, ఊరికే లోపల కూర్చుంటుంది. ముందు మూత వేళ్లతో తిప్పితే చాలు, దానంతటదే చేతిలోకి జారుతుంది." బల్ల అంచుకి బిగించే స్టాండొకటి తెచ్చి, గన్నుని అందులో నిలబెట్టాడు. "ఇప్పుడు చూడండి."

చిన్నది ముందు మూత తిప్పింది. తిరిగింది. నాజిల్ అరచేతిలో పడింది. సూది లాగింది, వచ్చింది. అన్నీ మళ్లీ పెట్టింది. మళ్లీ విప్పింది. మళ్లీ పెట్టింది.  చేతులాయన రబ్బరు రింగుల సంగతి చెప్పలేదు కాబట్టి అవి ఏ రకమో కూడా అడిగి తేల్చుకుంది.

"ఇదివ్వండి" అంది. "ఇంత వెతికిస్తే గానీ పై అర గుర్తురాలేదా?"

"మీరింత తిడితే గానీ గుర్తురాలేదు మేడమ్" అన్నాడు షాపాయన. వెంటనే కంగారుపడ్డాడు. చిన్నది నవ్వలేదు గానీ తిట్టనూ లేదు.

షాపాయన ఏడిపిస్తుందన్నది అబద్ధం కాదు. ఇంట్లో కిటికీ తెరిచి, ముక్కుకి మాస్కు కట్టుకుని, బల్ల ముందు కూర్చుని ముందు కాగితం మీద కొట్టింది. రంగు ఎక్కువై సాలెపురుగు కాళ్లలా నాలుగు పక్కలా పారింది. తక్కువ లాగితే గాలి ఒక్కటే బుస్సుమంది. వేలు ఒక వెంట్రుకవాసి కదిలితే ముద్ద, కదలకపోతే ఏమీ లేదు. కాగితాలు నలిపి గోడకేసి కొట్టింది. గన్నుకి గాలి అందించే కంప్రెసర్ని కాలితో తన్ని, కాలు నొప్పెట్టి దాన్నే తిట్టింది. కింద లాండ్రీవాళ్లు ఆ మోతకి పైకొచ్చి, ఆమె మొహం చూసి, ఏమీ అనకుండా దిగిపోయారు. రోజూ కడగడం మాత్రం మానలేదు. ఎంత ఒళ్లుమండినా మూత, నాజిల్, సూది. గుడ్డ, బ్రష్షు, థిన్నరు. గన్ను పాడైతే మళ్లీ ఎవర్నో అడగాలి. ఆ ఆలోచన చాలు ఆమెకి.

వేలికి ఆ మీట అలవాటయ్యాక సిలికాన్ చెయ్యి ముందుకి లాక్కుంది. తన కుడిచెయ్యి ఎదురుగా పెట్టుకుని చూడటం మొదలెట్టింది. ఇన్నేళ్లూ దాని రంగు ఒకటే అనుకుంది. ఎక్కడ ఒకటి? కణుపుల దగ్గర నలుపు, వేళ్ల మధ్య ఎరుపు, మణికట్టు లోపల పసుపు, నరాల మీద ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు. అరచెయ్యి వేరే మనిషిదేమో అన్నంత తెలుపు. మూడు రంగుల్లో వస్తాయట! ఒక్క చేతిలోనే ఇన్నుంటే!

ముందు ఎరుపు పొగలా వేసింది. ఆరనిచ్చింది. తర్వాత గోధుమ. మళ్లీ ఆరనిచ్చింది. పొర మీద పొర ఎక్కుతున్నకొద్దీ ఆ చిలగడదుంప మనిషి చెయ్యి అవుతోంది. చూస్తూ చూస్తూ ఒకచోట ఆమె వేలు ఆగింది. తన ఎడమచెయ్యి నిజంగా ఎలా ఉండేదో గుర్తు రావడం లేదు. కుడిచేతిని చూసి వేస్తోంది గానీ ఎడమది కాస్త తెల్లగా ఉండేదా? చిటికెనవేలు వంకరగా ఉండేదా? నలభై ఏళ్లు తనతో తిరిగిన చెయ్యి. ఒక్కసారైనా తేరిపార చూసుకోలేదు. అప్పుడు ఏడ్చింది. చెయ్యి పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు. ఏడుపయ్యాక మాస్కు మార్చుకుని గన్ను కడిగింది.

చెయ్యి పూర్తయిన రోజు బావ గుమ్మం దగ్గరే నిలబడి చూశాడు. బొటనవేలు కాస్త నల్లబడింది, మిగతాదంతా కుదిరింది. ఆయన ఒకడుగు ముందుకేసి, చెయ్యి చాపి, మెల్లగా, "ముట్టుకోవచ్చా?" అన్నాడు.

ఇన్ని నెలల్లో ఆయన ఏదైనా ముందుగా అడగడం అదే మొదలు. చిన్నది ఆలోచించింది.

"ఇవాళ వద్దు" అంది.

"సరే" అన్నాడు బావ. చెయ్యి వెనక్కి తీసుకుని, చొక్కాకి తుడుచుకుని వెళ్లిపోయాడు. రాత్రి అన్నాల దగ్గర ఆమె, "బావా, ఆ కూర ఇటివ్వు" అంది. ఆయన గిన్నె అందించాడు, వడ్డించలేదు.

సెంటర్లో చేతులాయన ఆమె రెండు చేతులూ పక్కపక్కన పెట్టించి, కళ్లజోడు దించి చూశాడు. గబగబా వెళ్లి మేనేజర్ని పిలుచుకొచ్చాడు. మేనేజరు చక్కటి టై కట్టుకున్నాడు. "అద్భుతం. ఒక ఫొటో తీసుకుందాం, గోడ మీద పెడదాం" అన్నాడు.

"మీ గోడకి ఎందుకండీ? మీరేం చేశారు?"

"స్ఫూర్తిగా ఉంటుందని..."

"ఇంతమందికి మూడు రంగులే చాలని ఎవరు లెక్కకట్టారు?"

"అవి కంపెనీ నుంచి అలాగే వస్తాయి. మాకు ఫిర్యాదులేమీ లేవు" అని మేనేజరు నవ్వుతూ వెళ్లిపోయాడు.

చేతులాయన అక్కడే నిలబడ్డాడు. నవ్వలేదు. జేబులోంచి తాళాలు తీసి, "ఇలా రండమ్మా" అని వెనక గదికి తీసుకెళ్లాడు. ఇనుప బీరువా తెరిచాడు. అరల నిండా చేతులు. చిన్నవి, పెద్దవి, ఆడవాళ్లవి, మగవాళ్లవి. అన్నీ అటూ ఇటూగా చిలగడదుంప రంగే. కొన్నింటికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు.

"తీసుకెళ్లినవాళ్లు మళ్లీ తెచ్చి ఇచ్చేశారు. కొందరు కుర్చీలో వదిలేసి వెళ్లిపోయారు."

చిన్నది బీరువా తలుపు పట్టుకుంది. "ఇంకెవరూ అడగలేదన్నారు నాతో."

"నోరు తెరిచి అడగలేదమ్మా..."

"ఇన్ని చేతులు తెచ్చి మీ మొహాన పడేశారు, అది అడగడం కాదా? నేనొక్కదాన్నే పొగరుబోతునని ఎన్ని రోజులు అనుకున్నానో తెలుసా మీకు? ఇంట్లో కూడా అదే అన్నారు. మీరు ఒక్క మాట చెబితే పోయేది కదా!"

చేతులాయన తలొంచుకున్నాడు. ఆమె సమాధానపడలేదు. ఆయన్ని అక్కడే వదిలేసి తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్లింది. తలుపు మూసి ఉన్నా ఆమె గొంతు వరండా అంతటా వినపడింది. ఫిర్యాదుల్లేవన్నారు కదా, రండి చూపిస్తాను అంది. బీరువా దాకా నడిపించింది. ఆయన టై సర్దుకుంటూ పై వాళ్లకి రాస్తానన్నాడు. రాసేదాకా కదలనని కుర్చీ వేసుకుని కూర్చుంది. మర్నాడు మళ్లీ వచ్చి కూర్చుంది. ఆ వారమంతా కూర్చుంది. సెంటరుకి వచ్చినవాళ్లలో కొందరు ఆమెతో మాట్లాడి, కారణం తెలుసుకుని పక్కనే కూర్చోవడం మొదలెట్టారు. చివరికి వెనక గదికి కిటికీ పెట్టించి, గాలి లాగేసే ఫ్యాను బిగించి, చేతులకి రంగులు వెయ్యడానికి ఆమెనే పనిలోకి తీసుకున్నారు. ఊరికే సేవగా చెయ్యమని మేనేజరు అడిగిచూశాడు. ఆ మాటకి ఆమె ఏమందో చేతులాయన ఇప్పటికీ నవ్వుతూ చెబుతాడు గానీ ఇక్కడ రాసేది కాదు.

మొదట వచ్చినావిడ బట్టలు కుట్టే మనిషి. అంతకుముందు కుర్చీలో చెయ్యి వదిలేసి వెళ్లిపోయినవాళ్లలో ఒకరు. బీరువాలోంచి తన చెయ్యి తనే ఏరుకుని బల్ల మీద పడేసింది. పొద్దున్నుంచి చిన్నది రంగు కొడుతూనే ఉంది, ఆవిడ వంకలు పెడుతూనే ఉంది.

"ఇది నా రంగు కాదు. ఇంకా నలుపు."

"ఆరితే నల్లబడుతుందమ్మా."

"ఆరింది. నాకు కళ్లున్నాయి. ఈ వేలు చూడు, ఇదేం వేలు? సబ్బు ముక్కలా ఉంది."

"మీ వేలు అలాగే ఉంది మరి! ఇటు పెట్టండి ఆ చెయ్యి, వెలుతురులోకి. కదపకండి."

"కదపట్లేదు. నువ్వు సరిగ్గా చూడు."

చిన్నది పళ్లు బిగించి, గిన్నెలో ఇంకాస్త గోధుమరంగు వేసి, మీట మీద వేలు పెట్టింది.